ఐదో తీగ – పూత మీద బేరం

పోయిన వారం పత్రికను పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇంకా తిరిగివ్వని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. విస్సన్నపేట రోడ్డు పక్కనున్న చర్చిలో బేస్ గిటార్ వాయించే లేయా, సొంతంగా ఒక గిటార్ కొనుక్కుంటానని పట్టుబట్టింది. మద్రాసులో దర్జీపని చేసే మేనమామ చిన్నయ్య, హార్బరు దగ్గర ఫారిన్ సరుకు అమ్మే ఒక కొట్టులో రెండు బేస్ గిటార్లు చూశాడు. రెంటినీ గోడకి ఆనించి ఫోటో తీయించి పంపాడు. ఒకదానికి నాలుగు తీగలు, ఇంకోదానికి ఐదు. కొట్టువాడు మహా ఘటికుడు. డబ్బు చేతిలో పడేదాకా తీగ ముట్టుకోనివ్వడు, గుమ్మం దాటిన సరుకు తిరిగి తీసుకోడు. సోమవారం మధ్యాహ్నం దాకా మాత్రం రెంటినీ ఆపుతానన్నాడు. ఏది కావాలో లేయా ఆ పొద్దున ట్రంకాల్‌లో చెప్పాలి.

కథ ఇప్పుడు ఆదివారానికి వచ్చింది. ఆరాధన ముగిసి జనం వెళ్ళిపోయారు. పాటలవాళ్ళూ, వాళ్ళతో గొంతు కలిపే ఆడవాళ్ళూ మాత్రం ప్రాక్టీసుకి మిగిలారు. చిట్టచివరి బెంచీ మీద లేయా తండ్రి ఇన్నయ్య, భుజాన తువ్వాలు వేసుకుని, కూతురు ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు. మాఘమాసం ఎండ. కిటికీలోంచి మామిడిపూత వాసన లోపలికి కొడుతోంది. పూత రోజుల్లో ఇన్నయ్యకి ఆదివారమూ లేదు, సోమవారమూ లేదు. కాయ పట్టకముందే తోటలు పూత మీద కొనడం ఆయన వ్యాపారం.

ఫోటో బాలశౌరి చేతిలో ఉంది. నూజివీడు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే బాలశౌరే ఈ పాటలవాళ్ళకి పెద్ద. లీడ్ గిటార్ పట్టుకున్నాడంటే వేళ్ళు కనిపించవు. ఆయన చెవి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. ఫోటోని ముందూ వెనకా తిప్పి చూశాడు, వెనక చిన్నయ్య రాసిన కొట్టు అడ్రసుతో సహా.

“ఐదు తీగలా? ముందు ఉన్న నాలుగూ సరిగ్గా మోగించు అమ్మాయ్. ఐదోదాని సంగతి తరవాత చూద్దాం” అన్నాడు.

తబలా దగ్గర కూర్చున్న బాలశౌరి తమ్ముడు కిసుక్కున నవ్వాడు. వాడికి లేయా చేతిలోని గిటార్ మీద ఎప్పటినించో కన్ను.

లేయాకి ఒళ్ళు మండింది. స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి కాబట్టి ఓపిక కాస్త ఎక్కువ, కానీ అది పిల్లల కోసం దాచుకున్నది.

“మామ్మా” అంది, ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చున్న రిబ్కమ్మ వైపు తిరిగి. “నీ గొంతుకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఎత్తుకో. ఎవరి శ్రుతీ చూసుకోకు.”

రిబ్కమ్మ ఇన్నయ్య తల్లి. కాపు రోజుల్లో తోటల్లో కాపలా ఉండి, చిలకల్నీ కోతుల్నీ కేకలేసి తోలి తోలి గొంతు బొంగురుపోయింది. కానీ ఆ చర్చిలో ఏ పాటైనా ఆ గొంతుతోనే మొదలవ్వాలి. అది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు. ఆమె ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు, ఇంకెవరు ఎత్తుకున్నా అందుకోరు.

మామ్మ ఎత్తుకుంది. ఆడవాళ్ళు కలిశారు. లేయా సంఘంవారి పాత నాలుగు తీగల గిటార్‌తో వెంట నడిచింది. పల్లవి చివర పాట ఒక్కో మెట్టే దిగుతుంది. గిటార్ కూడా దిగింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఇంకోటి, అక్కడితో తీగ అయిపోయింది. పాట మాత్రం ఇంకా రెండు మెట్లు కిందకి దిగింది. లేయా చేసేది లేక పైకి ఎగిరి వాయించింది. అంతసేపూ కాళ్ళ కింద నించి వస్తున్న మోత ఒక్కసారిగా నెత్తి మీదకి పోయినట్టయింది. పాట వెలితిగా ముగిసింది.

“విన్నారా అన్నయ్యా?”

బాలశౌరి విన్నాడు. వినకపోవడానికి ఆయనది మామూలు చెవి కాదు.

“మామ్మని శ్రుతి పైకెత్తి పాడమను. రెండు మెట్లు ఎత్తుకుంటే సరిపోతుంది” అన్నాడు.

“నా గొంతు ఎత్తితే లేవదురా అబ్బాయ్” అంది రిబ్కమ్మ. “లేచేదే అయితే కోతులు ఇంకా ముందే పారిపోయేవి.”

ఆడవాళ్ళందరూ నవ్వారు. లేయా నవ్వలేదు.

“ముప్పై మంది ఆడవాళ్ళు ఒక గిటార్ కోసం గొంతు చించుకోవాలా? తోటల్లో పనిచేసి వచ్చిన గొంతులవి. వాళ్ళు ఎక్కడ పాడితే అక్కడికి నేను వెళ్ళాలి. ఈ నాలుగు తీగలతో వెళ్ళలేను. వీటికన్నా కింద మోగే ఐదోది ఉంటే వెళ్తాను. నాకు తెలిసింది అంతే.”

“తెలియడం సరేలే. ఐదు తీగలది నువ్వెప్పుడైనా చూశావా?”

“లేదు.”

“పోనీ, ఎవరైనా వాయిస్తుంటే విన్నావా?”

“లేదు.”

“దాని మెడ ఎంత వెడల్పుంటుందో తెలుసా? నీ చెయ్యి చూడు, చిట్టిగారెంత లేదు. అందుతుందా?”

లేయా గిటార్ పక్కన పెట్టి, తన సంచీలోంచి ఒక చెక్క తీసింది. మామిడికాయలు పేకింగు చేసే పెట్టె తాలూకు చెక్క. దాని మీద ఈ చివర నించి ఆ చివరికి ఐదు పురికొసలు బిగించి ఉన్నాయి. చిన్నయ్య మామయ్య చొక్కాకి కొలతలు తీసినట్టు టేపు పెట్టి ఆ గిటార్ మెడ పొడవూ, పైన వెడల్పూ, కింద వెడల్పూ రాసి పంపాడు. దర్జీ కొలత తప్పదు కదా. ఆ కొలతలకి లేయా చెక్క చిత్రిక పట్టించి, బడి అయ్యాక రోజూ దాని మీద వేళ్ళు నడిపింది. మొదట్లో అందలేదు, తరవాత నొప్పి పుట్టింది. ఇప్పుడు అందుతోంది. ఒళ్ళో పెట్టుకుని, పాట చివరి మెట్లు దిగి చూపించింది. చెక్కకి మోత లేదు. వేళ్ళు మాత్రం ఎక్కడా తడుముకోలేదు.

“పెట్టె చెక్క వాయించి గిటార్ కొంటుందంట!” అన్నాడు బాలశౌరి తమ్ముడు.

“నోర్ముయ్” అన్నాడు బాలశౌరి. తమ్ముడినే అన్నాడు. ఆయన చూపు మాత్రం లేయా వేళ్ళ మీద ఉంది.

అప్పుడు చివరి బెంచీలోంచి ఇన్నయ్య లేచి వచ్చాడు.

“అమ్మా, చాల్లే. వాయించి చూడకుండా, చేత్తో తాకి చూడకుండా, ఫోటో చూసి ఎవరైనా వస్తువు కొంటారా? రేపు అది పాడైందని తేలితే ఎవరిని అడుగుతావు? నాలుగు తీగలది తెచ్చుకో. బాలశౌరి ఉన్నాడు, బాగోగులు చూస్తాడు. అందరికీ తెలిసిన వస్తువు.”

ఇంతవరకూ లేయా బాలశౌరితో పోట్లాడింది. అది తేలిక. నాన్నతో ఎప్పుడూ ఎదురు మాట్లాడింది లేదు. అయినా ఇవాళ ఆగలేదు.

“నువ్వు తోటలు ఎప్పుడు కొంటావు నాన్నా?”

“అదేం ప్రశ్న?”

“చెప్పు.”

“పూత మీద.”

“పూత మీద కొన్నప్పుడు కాయ చూస్తావా? కోసి రుచి చూస్తావా? రసం తీపో పులుపో తెలుసా నీకు?”

“నేను చెట్టు చూస్తాను” అన్నాడు ఇన్నయ్య, కోపంగా. “ఆకు చూస్తాను, కొమ్మ చూస్తాను. పోయినేడు ఎంత కాసిందో, మట్టి ఏంటో, నీళ్ళెక్కడివో అన్నీ కనుక్కుంటాను. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నువ్వు చూసింది బొమ్మ.”

“నేనూ చూడాల్సింది చూశాను. పాట ఎక్కడికి దిగుతుందో చూశాను. తీగ ఎక్కడ అయిపోతుందో చూశాను. నా చెయ్యి అందుతుందో లేదో చూశాను. మిగతాది దేవుడి దయ. నీకు మాత్రం మిగతాది ఏంటి? పోయినేడు పొగమంచు పట్టి సగం తోట పూత రాలింది. ఎవరి దగ్గరికైనా వెళ్ళి, ‘నేను వాయించి చూడలేదు, నా డబ్బు నాకివ్వండి’ అన్నావా?”

మాట నోట్లోంచి వచ్చాక గానీ, ఎంత మాట అందో లేయాకి తెలియలేదు. పోయినేటి పూత సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇన్నయ్య ముఖం నల్లబడింది. రిబ్కమ్మ తల వంచుకుంది. బాలశౌరి సైతం ఫోటో వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇన్నయ్య భుజం మీది తువ్వాలు తీశాడు. కొట్టడానికేమో అనుకున్నారు కొందరు. ఆయన దాన్ని తన కుడిచేతి మీద పరుచుకుని, కూతురి ముందు చాపాడు.

“చెయ్యి పెట్టు.”

ఆ చుట్టుపక్కల మామిడి బేరం నోటితో జరగదు. నలుగురూ చూస్తుండగా తువ్వాలు కింద చేతులు కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కవాడికి తెలియదు, పట్టినవాడు మాట తప్పడు. నోటిమాట మార్చుకున్న వాళ్ళున్నారు గానీ, తువ్వాలు కింద పట్టిన చెయ్యి మార్చుకున్నవాడు మళ్ళీ తోటలో కాలు పెట్టలేడు. ఆడపిల్ల ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టడం మాత్రం అక్కడివాళ్ళెవరూ ఎరగరు.

“పూత మీద కొంటానంటున్నావుగా. అయితే బేరం కూడా పూత బేరమే. ఏది కావాలో పట్టి చెప్పు.”

లేయా తువ్వాలు కింద చెయ్యి పెట్టింది. తండ్రి చెయ్యి ముతకగా, వెచ్చగా ఉంది. ఐదు వేళ్ళూ కలిపి పట్టుకుంది.

ఇన్నయ్య తన బొటనవేలు లోపలికి ముడుచుకున్నాడు. ఇప్పుడు నాలుగే. బయట ఎవరికీ కనిపించని ఆ వేలితో ఆయన కూతుర్ని బతిమాలుతున్నాడని లేయాకి అర్థమైంది. వద్దమ్మా, నష్టపోతావు, నేను నష్టపోయాను కాబట్టి చెబుతున్నాను అంటున్నాడు. అయినా ముడిచిన వేలిని వెతికి, పైకి లాగి, మిగతా నాలుగింటితో కలిపి గట్టిగా పట్టుకుంది.

“పూత రాలితే?” అన్నాడు ఇన్నయ్య.

“నష్టం నాది.”

“ఏడవకూడదు.”

“ఏడవను.”

“ఇంక గిటార్ ఊసెత్తకూడదు. బడి అయ్యాక వచ్చి మామిడి షెడ్డులో నాతోపాటు కాయలు ఏరాలి.”

లేయాకి మామ్మ గొంతూ, పల్లవీ, దిగే మెట్లూ అన్నీ చెవిలో మోగాయి.

“ఏరతాను.”

ఇన్నయ్య తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. “రేపు పొద్దున పోస్టాఫీసుకి నేనూ వస్తాను” అని బయటికి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. బాలశౌరి ఊరుకోలేదు. తన పాటలవాళ్ళ మధ్య తనని అడగకుండా ఒక బేరం కుదిరిపోవడం ఆయనకి మింగుడు పడలేదు.

“మీ నాన్నతో బేరం నీ ఇష్టం. ఇక్కడ బేరం నాతో. అది తెచ్చుకునేదానివైతే సంఘం గిటార్ ఇప్పుడే కింద పెట్టు. రేపటినించి మా తమ్ముడు వాయిస్తాడు. జంక్షన్లో జరిగే వేసవి ప్రార్థన సభలకి ఆ ఐదు తీగల వింత పట్టుకుని స్టేజీ ఎక్కితే మాత్రం, నేను ప్లగ్గు పెట్టనివ్వను.”

లేయా వైరు పీకింది. సంఘంవారి గిటార్‌ని మెత్తటి గుడ్డతో తుడిచింది. మూడేళ్ళు ఆమె చేతుల్లో ఉన్న వస్తువు అది. తీసుకెళ్ళి బాలశౌరి తమ్ముడి ఒళ్ళో పెట్టింది.

“రెండో తీగ కాస్త వదులవుతూ ఉంటుంది. పాటకి ముందు చూసుకో” అని చెప్పి, తన పెట్టె చెక్క చంకన పెట్టుకుని, మామ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దిగింది. ఇంటి మలుపు దగ్గర రిబ్కమ్మ, “మీ నాన్న చెయ్యి ఒణికిందా?” అని అడిగింది. “లేదు మామ్మా” అంది లేయా. “నీది?” అంది మామ్మ. లేయా చంకలోని చెక్కని ఇంకోవైపుకి మార్చుకుంది.

సోమవారం పొద్దున నూజివీడు పోస్టాఫీసులో అర్జెంటు ట్రంకాల్ బుక్ చేసి తండ్రీకూతుళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. చిన్నయ్య ఆ కొట్టులోనే, ఫోను పక్కనే కాచుకుని ఉంటానన్నాడు. కౌంటర్లో భాస్కరరావు పదిసార్లు “మద్రాస్, మద్రాస్” అని అరిచి, చివరికి “రండమ్మా, లైను కలిసింది. మూడు నిమిషాలే” అని కేక వేశాడు. లేయా పెట్టెలాంటి గదిలోకి వెళ్ళింది. ఇన్నయ్య అద్దం తలుపు బయట నిలబడ్డాడు.

“మావయ్యా, నేను లేయాని.”

“అమ్మడూ, ఆగు” అన్నాడు చిన్నయ్య. గొంతు కంగారుగా ఉంది. “ఇక్కడ మీ బాలశౌరి ఉన్నాడు. రాత్రి బెజవాడలో బండెక్కి వచ్చాడంట. నీతో మాట్లాడాలంటున్నాడు.”

లేయాకి చేతిలో రిసీవరు బరువెక్కింది. ఫోటో వెనకున్న అడ్రసు ఆయన ఎందుకు చూశాడో అప్పటికి తెలిసింది.

“లేయా” అన్నాడు బాలశౌరి. “నేను వచ్చింది నాలుగు తీగలది మా వాడికి కొందామని. డబ్బు చేతిలో పెట్టి, రెండూ వాయిస్తే గానీ కొననన్నాను. కొట్టువాడు ఒప్పుకున్నాడు. ఐదు తీగలది వాయించి చూశాను.”

“ఊఁ.”

“కొనకు. మెడ వంగింది. పైన బాగానే ఉంది గానీ కింద తీగలు మెడ మీది పట్టీలకి తగిలి గరగరమంటున్నాయి. ఐదోది అసలు మాటే వినట్లేదు. ఇది నేను పంతానికి చెప్పట్లేదు. నాలుగు తీగలది నీకొదిలేస్తాను, మా వాడికి వద్దు. అది తీసుకో. నా మాట విను.”

నిన్న ఎగతాళి చేసిన గొంతు కాదది. అదే లేయాని భయపెట్టింది. బాలశౌరి పొగరుబోతు, మాటకారి, తమ్ముడి పక్షపాతి. కానీ మూడేళ్ళలో శ్రుతి గురించి, తీగ గురించి ఆయన అబద్ధం చెప్పగా ఆమె వినలేదు. ఆయన నిజం చెబుతున్నాడా, లేక తమ్ముడి కోసం మొట్టమొదటి అబద్ధం ఆడుతున్నాడా? తేల్చుకోవడానికి వ్యవధి లేదు. ఆయన చేతిలో ఆ గిటార్ ఉంది. తన చేతిలో ఫోను ఉంది. తను ఎన్నడూ తాకని వస్తువుని ఆయన వాయించి చూసి వద్దంటున్నాడు.

అద్దం అవతల ఇన్నయ్య కళ్ళతోనే అడిగాడు, ఏమైందని.

“రెండు నిమిషాలయ్యాయమ్మా!” అని కౌంటర్లోంచి భాస్కరరావు అరిచాడు.

“అన్నయ్యా” అంది లేయా. “వంగిన మెడని ఎవరైనా నిలబెడతారేమో. నాలుగు తీగలదానికి మాత్రం లేని తీగ ఎవరూ మొలిపించలేరు. ఫోను మావయ్యకివ్వండి.”

“పిచ్చిపిల్లా, డబ్బు నీళ్ళపాలు—”

“ఇవ్వండి.”

అవతల చేతులు మారిన చప్పుడు. “అమ్మడూ?” అన్నాడు చిన్నయ్య.

“ఐదు తీగలది మావయ్యా. కట్టించెయ్. ఇవాళే బండిలో వెయ్యి.”

“విన్నావుగా ఆయన చెప్పింది?”

“విన్నాను. ఐదు తీగలదే.”

లైను తెగింది. లేయా రిసీవరు పెట్టేసి, కొంగుతో అరచేయి తుడుచుకుని, తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఇన్నయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. నిన్నటి కోపం ముఖంలో లేదు. ఆదుర్దా ఉంది, ఎక్కడో కాస్త ఆశ కూడా ఉంది.

“మధ్యలో ఎవరితోనో మాట్లాడావు. చిన్నయ్య కాదుగా?”

“బాలశౌరన్నయ్య నాన్నా. అక్కడే ఉన్నాడు.”

“బాలశౌరా? మద్రాసులోనా?” ఇన్నయ్య ఆశ్చర్యపోయాడు. “వాయించి చూశాడా?”

“చూశాడు.”

“చెవున్నవాడమ్మా వాడు. ఏమన్నాడు?”

పుట్టి బుద్ధెరిగాక లేయా తండ్రితో అబద్ధమాడలేదు.

“చాలా బాగుందన్నాడు నాన్నా” అంది.